దోరకాయ లెక్క

ఈ సంవత్సరం ఫిబ్రవరి రెండో తేదీ, సోమవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. నాగావళి మీద మంచు ఇంకా విడలేదు. వంతెన మీది బస్సులు దీపాలు వేసుకునే వెళుతున్నాయి. గాలి లేదు. వీధి గేటు చప్పుడైతే వెళ్ళి తీశాను. పాతపట్నం దగ్గరి పల్లె నుంచి మొదటి బస్సులో వచ్చిన నరసమ్మ చంకన గంపతో నిలబడి ఉంది. ఆ పల్లెలో కూరగాయలు పండించే ఆడవాళ్ళ సంఘానికి ఆమె పెద్ద.

"అమ్మగారు లేరని కొలత మానీసినారేటి బాబూ?" అంది, గంప దించకుండానే.

మానలేదని చెప్పాను. ఆమె రాకకోసమే చూస్తున్నానని కూడా చెప్పాను.

"గురువారం కోసినాను. దోరవే కోసినాను. గడ్డి మీద ఏసి ముగ్గబెట్టినాను. ఒక్కటీ సెడిపోలేదు. సూడండి."

గంప మీది గోనెపట్టా తీసింది. వరిగడ్డిలో ఎర్రగా, నొక్కులు నొక్కులుగా, పెద్ద నిమ్మకాయంత పండ్లు. టమాటాకు మా ప్రాంతంలో రామ్ములగ అని పాత పేరు. ఇప్పుడు రెండు మాటలూ ఒకే కాయకు వాడుతున్నారు. అలా వాడితే ఊరుకోని మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆవిడ నిరుడు సెప్టెంబరు ఇరవై ఆరో తేదీ, శుక్రవారం, గుండె ఆగి పోయారు. గంపలోని పండ్లు ఆవిడ కొలవవలసినవి.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. పేరు చూసి మాట నమ్మేవాళ్ళంటే ఆవిడకు గిట్టేది కాదు. మేమిద్దరం ఒకే మహిళా కళాశాలలో పనిచేశాం. ఆవిడ ఆహార రసాయనం చెప్పేవారు. నేను గణాంకశాస్త్రం చెప్పేవాణ్ణి. పుట్టిన ఊరు, చదివిన చదువు, అందుకున్న సన్మానాలు వరసగా రాయవచ్చు. కానీ అవన్నీ చదివినవారికి ఆవిడ బజారులో ఎదురైతే గుర్తుపట్టడం సాధ్యం కాదు. గుర్తుపట్టడానికి పనికివచ్చేవి వేరే ఉన్నాయి.

ఆదివారం ఆరాధన ముగియగానే తెల్లచీరతో, చేతిలో బైబిలుతో, ఆవిడ నేరుగా కూరగాయల బజారుకు వచ్చేవారు. కాయను రంగు చూసి ఎంచుకునేవారు కాదు. తొడిమ దగ్గర ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, దీర్ఘంగా వాసన పీల్చేవారు. తరువాత చెంపకు ఆనించుకునేవారు. మంచుపెట్టెలో పెట్టి తెచ్చిన కాయైతే చెంప చెబుతుందనేవారు.

"మేడమ్, వాసనంతా మీరే పీల్సీసినారు. ఇంక నానేటి అమ్మను?" అనేది బజారులో కూర్చునే ముసలమ్మ.

"వాసనుంటే గదా పీల్సడానికి! రెండ్రోజులు మంచులో పెట్టి సంపేసినావు."

"సంపితే మాత్రం? కూరలో ఏసీదే గదా!"

ప్రతి ఆదివారం ఇదే సంభాషణ. ఇద్దరిలో ఎవరూ ఓడిపోయినట్టు ఒప్పుకోగా నేను చూడలేదు. తెల్లచీర కొంగు మీద ఎర్రటి మరక లేకుండా ఆవిడ ఇంటికి చేరిన ఆదివారమూ నాకు గుర్తులేదు.

తరగతిలోనూ ఆవిడ ఇదే యాసలో పాఠం చెప్పేవారు. ఒకసారి పర్యవేక్షణకు వచ్చిన అధికారి, పుస్తకభాషలో చెబితే బాగుంటుందని సలహా ఇచ్చాడు. "పుస్తకంలో ఆ భాష ఉందండి. నా దగ్గర ఇది ఉంది. పిల్లలకి రెండూ వస్తాయి," అన్నారు.

మూడు కాయలు బల్ల మీద పెట్టి మొదలుపెట్టేవారు. కోలగా, గట్టిగా, మందపు తోలుతో ఉన్నదాన్ని చూపి, "ఇది టమాటా. బెంగళూరు రకం అంటారు. లారీలో తొక్కినా సావదు," అనేవారు. గుండ్రంగా, పుల్లగా ఉండి బజారులో నాటు పేరుతో అమ్ముడయ్యేదాన్ని చూపి, "ఇదీ టమాటాయే. నాటు అన్నది గంప మీద పేరు. ఇత్తనం కంపెనీదే," అనేవారు. నొక్కులున్న మూడోదాన్ని అరచేతిలోకి తీసుకున్నాక మాత్రం గొంతు తగ్గేది. "ఇది రామ్ములగ. దీని ఇత్తనం ఎవులూ అమ్మలేదు. మా అమ్మ బూడిదలో కలిపి దాసినాది. వాళ్ళమ్మా అలాగే దాసినాది."

ఆ విత్తనాన్నే నరసమ్మ పల్లెలో వేయించారు. సొంత పెరడు లేని మనిషికి అదే పెరడు.

మా ఇంటికి వచ్చినప్పుడు నేరుగా వంటింట్లోకి వెళ్ళేవారు. ఒకనాడు నా భార్య టమాటాలు కోసి, గింజలు పిండి తూములో పారబోస్తూ ఉంది.

"ఏటమ్మా, ఏటి పారబోస్తన్నావు?"

"గింజలండీ. కిడ్నీలో రాళ్ళు పడతాయట కదా!"

"నీకున్నాయేటి రాళ్ళు?"

"లేవండీ."

"ఉన్నవాళ్ళు డాక్టరు సెప్పింది ఇంటారు. నువ్వెందుకు భయపడతన్నావు? పులుపూ, విటమినూ ఎక్కువున్నది ఆ గింజ సుట్టూ ఉన్న జిగురులోనే. మంచిదంతా తూముకి పోసి, మిగిలింది మా మాస్టారికి పెడతన్నావు."

ఆనాటి నుంచి మా ఇంట్లో గింజలు పారబోయడం లేదు. ఇంకొక మాట కూడా ఆవిడ అక్కడే చెప్పారు. పండులోని ఎరుపు పేరు లైకోపీన్. పచ్చికాయలో అది ఉండదు, దోరలో తలెత్తుతుంది, పండేకొద్దీ పెరుగుతుంది. పచ్చిగా కొరికితే చాలావరకు కణాల్లోనే ఉండిపోతుంది. నూనెలో మగ్గితే శరీరానికి బాగా అందుతుంది. "అందుకే మన ముసలాళ్ళ కూరని నేను తప్పు పట్టను. నూనె మరీ ఎక్కువేస్తే పడతాను," అన్నారు.

ఉద్యోగ విరమణ తరువాత ఆవిడ కోరిక ఒక్కటే. రామ్ములగ మట్టిలో ఉండాలి. ఆ పల్లెలో అది వేసే ఇళ్ళు ఏడాదికేడాది తగ్గుతున్నాయి. కంపెనీ నారు ఎక్కువ కాస్తుంది, తోలు మందం, సంతకు పగలకుండా చేరుతుంది. రామ్ములగను పట్నంలో కొనేవాళ్ళు దొరికితే సంఘం వేస్తుంది. లేకపోతే ఆ విత్తనం అక్కడితో ముగుస్తుంది. ఎట్టకేలకు విశాఖపట్నంలో ఆరోగ్య సరుకులమ్మే ఒక దుకాణదారు ముందుకు వచ్చాడు. అతని షరతు, సంచి మీద చీటీలో 'బజారు టమాటా కన్నా యాంటీ ఆక్సిడెంట్లు మూడింతలు' అని ఉండాలి. కింద ఆవిడ సంతకం ఉండాలి.

ఆ సంగతి చెప్పడానికి సంఘం వాళ్ళను నరసమ్మ అరుగు మీద కూర్చోబెట్టినప్పుడు నేనూ అక్కడ ఉన్నాను. మాట వినగానే నరసమ్మ చేతులు అడ్డంగా ఊపింది.

"వద్దండి అమ్మా! కరోనాలో ఆక్సిజన్ దొరక్క ఎంతమంది పోనారో సూసినాం. మళ్ళీ ఆక్సిజన్‌కి యాంటీ అంటే ఎవులు తింటారు?"

నవ్వకూడదని నేను ప్రయత్నించాను. ఆవిడ ప్రయత్నించలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, దూలానికి వేలాడుతున్న కొడవలి చూపారు.

"ఆక్సిజన్ లేకపోతే బతకమే. కానీ ఆ కొడవలికి తుప్పు పట్టించిందీ అదే. ఒంట్లోనూ అలాటి తుప్పు కొంత పడతాది. దానికి అడ్డం పడీవాటిలో ఈ ఎరుపొకటి."

"అయితే అదే రాయించండి. తుప్పు ఆపును అని."

"అలా రాస్తే కొనుక్కెళ్ళి కిటికీ ఊసలకి పులుముకుంటారే!"

నవ్వులు తగ్గాక ఆవిడ గొంతు మారింది. "ఇనండి. ఒంట్లో ఎంత తుప్పు ఆపుతాదో నేను కొలవలేదు. కొలిసీ యంత్రం నా దగ్గర లేదు. కాయలో ఎరుపు ఎంతుందో కొలుస్తాను. నా సంతకం అంతవరకే."

కొలత మా పాత కళాశాల ప్రయోగశాలలో జరిగింది. అక్కడ ఇప్పుడు పాఠం చెప్పే అధ్యాపకురాలు ఆవిడ శిష్యురాలే. కాయను నూరి, తూచి, ద్రావకంలో కలిపితే ఎరుపు పైకి తేరుకుంటుంది. ఆ తేటను గాజుగొట్టంలో పోసి మీటరులో పెడితే, ఎరుపు ఎంత చిక్కగా ఉంటే ముల్లు అంత ముందుకు జరుగుతుంది. నూరుతున్నంతసేపూ ఆవిడ ఏదో కీర్తన కూనిరాగం తీసేవారు. రాగం ఆగితే ముల్లు కదలబోతున్నదని అర్థం. కళ్ళజోడు తీసి, ఒక కన్ను మూసి, నిలబడే చూసేవారు. కూర్చుని ముల్లు చూడటం అమర్యాద అనేవారు. నా పని అంకె రాయడం.

మొదట్లోనే నాకొక నియమం చెప్పారు. "ఈ మీటరు ముసల్ది మాస్టారూ. ముల్లుకి రెండు గీతల వణుకుంది. రెండు దాటని తేడా ముల్లు మాట. రెండు దాటితేనే కాయ మాట."

మూడు పర్యాయాలు చూసి సగటు తీయాలన్నది నా నియమం. రెండింటికీ ఇద్దరం కట్టుబడ్డాం. పోలికకు బజారు నుంచి బాగా పండిన గుండ్రటి టమాటా తెచ్చేవాళ్ళం. దానికి ముల్లు నలభై మూడు దగ్గర నిలిచేది.

మొదటి ఏడాది నరసమ్మ పంపిన రామ్ములగకు ముల్లు పదిహేడు దగ్గర ఆగింది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూశారు. "ఎంత?" అని నన్ను అడిగారు. పదిహేడన్నాను. ఇంకో రెండుసార్లు నూరారు. ఈసారి కూనిరాగం లేదు. మళ్ళీ పదిహేడే. అది రాయాలా అన్నట్టు నేను తల ఎత్తాను.

"రాయండి మాస్టారూ. వచ్చింది రాయకపోతే ఇంక కొలవడం దేనికి?"

మరునాడు ఇద్దరం పల్లెకు వెళ్ళాం. మడి గట్టు మీద నిలబడి ఆవిడ నరసమ్మను నిలదీశారు.

"ఏవే, మంచివి ఏరి పంపమన్నాను గదా! ఏటి పంపినావు?"

"మంచివే పంపినాను గదమ్మా!"

"ఒక్కటీ పండలేదే!"

"పండిపోయినవి మంచివేటమ్మా?" నరసమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "పండిపోయినవి కోళ్ళకి ఏస్తాం. మనుషులకి దోరవే గదా! సేపల పులుసులో పండు ఏసి సూడండి, పాకంలాగ తియ్యబడిపోతాది. భావనపాడు మా ఆడబిడ్డ అయితే పండు కనబడితే గంపే తిప్పి పంపిస్తాది."

ఆవిడ గట్టు మీద కూలబడి, నా వైపు చూసి నవ్వడం మొదలుపెట్టారు. రామ్ములగ పుట్టిన ఇంట్లో పెరిగి, మంచికాయ అంటే ఇక్కడ దోరకాయ అన్న సంగతి ఆవిడకు తట్టలేదు. దోరకాయలో ఎరుపు అప్పుడే మొదలవుతుందన్న సంగతి నరసమ్మకు తెలిసే దారి లేదు. మంచి అనే మాట ఒక్కటే. బల్ల మీద దాని అర్థం ఒకటి, పులుసులో ఒకటి.

రెండో ఏడాది మొక్క మీదే పూర్తిగా పండినవి కొలిచాం. యాభై ఎనిమిది. మూడు పర్యాయాలూ అదే. ఆవిడ మీటరును కొంగుతో తుడిచారు. దుమ్మేమీ లేదు.

ఆ పండ్లు ఒక గంపెడు విశాఖపట్నం పంపారు. తోలు పలచన, దారి గతుకులు. దుకాణం చేరేసరికి గంప అడుగు నుంచి రసం కారుతోందట. దుకాణదారు గంపను తిప్పి పంపి, ఫోను చేశాడు. ఆవిడ అందరికీ వినబడేలా పెట్టారు. నరసమ్మా, నేనూ పక్కనే ఉన్నాం.

"మేడమ్, దోరవే పంపండి. చీటీ మీద మాత్రం పండు అంకె వేసెయ్యండి."

"దోరకాయ సంచికి పండు అంకె ఎలా ఏస్తాను బాబూ?"

"ఎవరు చూస్తారండీ?"

"నేను సూస్తాను."

"మరీ అంత పట్టింపు అయితే వ్యాపారం కాదు మేడమ్. పోనీ మూడింతలు వద్దు, రెండింతలు అనండి."

"యాభై ఎనిమిది, నలభై మూడుకి రెండింతలు కాదు. నా పక్కన లెక్కల మాస్టారున్నారు, కావాలంటే అడగండి. దోరకాయకి పదిహేడు. అది ఏస్తావా?"

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినబడింది.

నరసమ్మ కోపం దాచుకోలేదు. "మీ అంకె మీకు బాగుందమ్మా. మా గంపలు ఎవులు మోస్తారు? వచ్చే పంటకి కంపెనీ నారే ఏసీమంటన్నారు సంఘంలో. నానేటి సెప్పను?"

ఆవిడ లేచి వెళ్ళి, కారిపోగా మిగిలి తిరిగివచ్చిన గంపలో అడుగున గడ్డి కదిపారు. తొడిమ చుట్టూ ఇంకా పసిమి ఉన్న కాయలు రెండు, పొరపాటున పడినవి, పగలకుండా ఉన్నాయి. పంపిన రోజున దోరగా ఉన్నవి ఇప్పుడు ఎర్రబడుతున్నాయి. ఒకటి చెంపకు ఆనించుకున్నారు.

"ఏవే, దోరవి ఇంట్లో ఉంచితే ఎన్నాళ్ళకి ముగ్గుతాయి?"

"గడ్డి మీద ఏస్తే నాలుగు రోజులు."

"అయితే కొనుక్కున్నోడి ఇంట్లోనూ ముగ్గుతాయి గదా! దోరగా కోసి పంపుదాం, అప్పుడు పగలదు. ఇంట్లో ముగ్గనిచ్చి, నూనెలో వండుకోమని సీటీ మీద రాద్దాం. అలా ముగ్గినదానికి అంకె ఎంతో తీద్దాం. అదే తినీవాడి అంకె."

"అది తక్కువొస్తే?"

"తక్కువొస్తే తక్కువని రాస్తాను. కంపెనీ నారు ఏసుకోండి, అడ్డం రాను. ఈ ఒక్క పంటకి ఆగండి."

"ఎక్కువొస్తే ఏటి రాస్తారు? ఆ బాబుకి మూడింతలు కావాల."

"కొంచెం ఎక్కువ అని రాస్తాను. కొంచెం అంటే నీకు లోకువేటే? మూడింతలు అన్నోడు రేపు నాలుగింతలు అంటాడు. కొంచెం అన్నోడు ఎల్లుండీ కొంచెమే అంటాడు."

సంఘం ఆ ఒక్క పంటకు ఆగింది. చీటీ మీది వాక్యం ఆవిడ అప్పుడే చెప్పి నాచేత రాయించారు. 'దోరగా కోసినవి. ఇంట్లో ముగ్గిన తరువాత బజారు టమాటా కన్నా ఎరుపు కొంచెం ఎక్కువ.' కొంచెం అన్న మాట చుట్టూ గీత గీయించారు. "కొలిసీదాకా ఇది వాక్యం కాదు," అన్నారు. ఆ పంట నారు పోసే రోజులు రాకముందే ఆవిడ పోయారు. నారు నరసమ్మ పోసింది.

సోమవారం పదిన్నరకు ప్రయోగశాల తెరిచారు. అప్పటికి మంచు విడి ఎండ కాస్తోంది. శిష్యురాలు పండ్లు కడిగి నూరింది. కూనిరాగం లేని గదిలో రోలు చప్పుడు ఎక్కువగా వినబడింది. నరసమ్మను కూర్చోమన్నాం, ఆమె కూర్చోలేదు.

ముందు బజారు టమాటా. నలభై మూడు, నలభై రెండు, నలభై నాలుగు.

తరువాత ముగ్గబెట్టిన రామ్ములగ. శిష్యురాలు మీటరు ముందు కుర్చీ పక్కకు జరిపి, నిలబడి చూసింది. నలభై ఆరు. మళ్ళీ నూరి చూసింది. నలభై ఏడు. మూడోసారి నలభై ఐదు.

"ఏటి బాబూ, ఎక్కువేనా?" అని నరసమ్మ అడిగింది.

సగటు తీస్తున్నాను, ఆగమన్నాను.

"యాభై ఎనిమిది రాలేదు గదా!"

"రాలేదు. మొక్క మీద పండినదానికీ, గడ్డి మీద ముగ్గినదానికీ అంత తేడా ఉంది."

"మరి సీటీ మీద అమ్మగారి మాట నిలబడతాదా, నిలబడదా? సంఘం వాళ్ళు నా కోసం బస్సు దగ్గర కాసుకునుంటారు. నారు సంగతి ఏటని సెప్పాల?"

ఆ మాటకు నేను సొంతంగా సమాధానం చెప్పలేను. రెండు దాటితేనే కాయ మాట అని ఆవిడ పెట్టిన నియమం ప్రకారం చెప్పగలను. సగటులు రెండూ ఒకదాని కింద ఒకటి రాశాను. మూడు పర్యాయాల కొలత మీద ఒక గణాంకశాస్త్ర అధ్యాపకుడు ఇంతకన్నా గట్టిగా మాట్లాడకూడదని కూడా పక్కన రాశాను. తరువాత తీసివేత చేసి, నరసమ్మకు వినబడేలా చదివాను.

రామ్ములగ నలభై ఆరు. బజారు టమాటా నలభై మూడు. తేడా మూడు. ముల్లు వణుకు రెండు. కాయకు మిగిలినది ఒకటి.